ఒక దెబ్బకి నీళ్ళు, రెండు దెబ్బలకి టీ

మా మామగారికి నీళ్ళు కావాలంటే గోడమీద ఒకసారి కొట్టేవారు. టీ కావాలంటే రెండుసార్లు. ఆయన కుర్చీ హాల్లో గోడకి ఆనించి ఉండేది, ఆ గోడకి ఇవతల మా వంటగది. వేలికి లావుపాటి ఉంగరం, అందుకని దెబ్బ గట్టిగానే వినపడేది. మా అత్తగారు కొత్తకోడలిగా అడుగుపెట్టిన నాటి ఏర్పాటు అది. నేను వచ్చాక, ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో చెప్పినట్టే ఇదీ చెప్పి నాకు అప్పజెప్పింది. మొదట్లో నవ్వొచ్చింది. పోనుపోను నవ్వు పోయి చెవి మిగిలింది. కుక్కర్ కూతలోనూ కుళాయి చప్పుడులోనూ ఆ దెబ్బని ఏరుకునే చెవి. మా ఆయన కూడా ఆ కుర్చీలో కూర్చుంటే గోడమీదే కొట్టేవాడు. వంశపారంపర్యంగా వచ్చే ఆస్తుల్లో అదొకటి.

నేను బస్‌స్టేషన్‌లో విచారణ కిటికీ వెనక పనిచేస్తాను. అక్కడా అద్దంమీద కొడతారు, నాణెంతోనో తాళంచెవితోనో. పగలంతా అద్దం, ఇంటికొస్తే గోడ. అద్దమే నయం, అవతల మనిషి మొహం కనిపిస్తుంది.

ఇల్లు బాగుచేయించాలన్నది మా ఆయన ఆలోచన. హాలు ఇరుగ్గా ఉంది, నలుగురొస్తే కూర్చోడానికి చోటు లేదు, ఆ గోడ పడగొట్టి కొంచెం లోపలికి జరిపి కట్టిస్తే హాలు పెద్దదవుతుందన్నాడు. మరి వంటగది చిన్నదవదా అన్నాను.

"వంటగదిలో ఉండేది నువ్వొక్కదానివేగా" అన్నాడు.

అందులో ఎగతాళి లేదు, కోపం లేదు. కొలత చెప్పినట్టు చెప్పాడు.

మేస్త్రి మాట మంచివాడు. పైన దూలం ఉంది కాబట్టి గోడ తీసినా ఇంటికేం భయం లేదని నాకూ మా అత్తగారికీ చూపించి మరీ చెప్పాడు. పొద్దు గూకేలోగా గోడ నేలమట్టం చేశాడు. బాగున్న ఇటుకలు ఏరి ఓ మూల పేర్చాడు. వంటగది తలుపు ఊడదీసి పెరటి గోడకి ఆనించాడు. తాపీ కడిగి, మట్టి మోసిన ఇనప గమేళా బోర్లించి, పొద్దున్నే వస్తానమ్మా అని వెళ్ళాడు. పొద్దున రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను కొన్నాళ్ళు మోగింది, తర్వాత మోగడం కూడా మానేసింది. ఎక్కడో పెద్ద మేడ పని దొరికి అటు పోయాడని ఎవరో చెప్పారు. మా ఆయన అతని ఇంటిదాకా వెళ్ళి తాళం చూసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నన్ను అడిగాడు.

"నువ్వతన్ని ఏమన్నా అన్నావా? టీ అయినా వేళకి ఇచ్చావా?"

ఇచ్చాను. ఈ ఇంట్లో నన్ను నోటితో టీ అడిగి తాగింది అతనొక్కడే.

దుమ్ము కడిగినకొద్దీ వచ్చేది. గిన్నె బోర్లించినచోట గుండ్రంగా నేల కనిపించేది, మిగతాదంతా ఎర్రటి పొడి. ఇల్లు తెచ్చి నడిబజార్లో పెట్టినట్టుందని మా అత్తగారు విసుక్కుని, గోడ పడిన సాయంత్రమే అది ఉండాల్సినచోట తీగ కట్టించి పాత దుప్పటి వేలాడదీసింది. వంట చేసే మనిషి వచ్చేపోయేవాళ్ళకి కనపడకూడదని ఆవిడ పట్టింపు. మామగారి కుర్చీ ఆ దుప్పటి పక్కకే చేరింది. ఆ చోటు ఆయనది, గోడ ఉన్నా లేకపోయినా.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. దుప్పటిలో ఒకచోట సొట్ట పడింది. పోయింది. మళ్ళీ పడింది. చూస్తూ నిలబడ్డాను. అవతల మామగారు అలవాటుకొద్దీ కొడుతున్నారు. గుడ్డకి చప్పుడేముంటుంది. రెండుసార్లంటే టీ అని నాకు తెలుస్తూనే ఉంది. అయినా కదల్లేదు. పంతమని కాదు, ఆయన తర్వాత ఏం చేస్తారో చూడాలనిపించింది. దగ్గారు. గొంతు సవరించుకున్నారు. ఇంకోసారి దగ్గారు. అప్పుడు తట్టింది నాకు, నన్నేమని పిలవాలో ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళలో పిలవాల్సిన అవసరమే రాలేదు. వెళ్ళాల్సిన ఊరిపేరు మర్చిపోయి నా కిటికీ ముందు నిలబడే ముసలివాళ్ళని రోజూ చూస్తాను. నోరు తెరుస్తారు, మాట రాదు, వెనకనున్నవాళ్ళు తోస్తుంటారు. సరిగ్గా అలాగే ఉన్నారాయన. నవ్వుదామనుకుంటే జాలేసింది, జాలిపడదామనుకుంటే కోపమొచ్చింది. అంతలో హాల్లో మంచంమీంచి అత్తగారు పకపకా నవ్వింది.

"గోడ పోయేసరికి ఆయనకి నోరు పడిపోయిందే పాపం" అంది. నవ్వు ఆగాక మెల్లిగా, "నన్నూ ఎప్పుడూ పిలిచిన పాపాన పోలేదు" అంది.

దుప్పటిలో సొట్ట మళ్ళీ పడలేదు.

"అమ్మాయ్" అన్నారు మామగారు దుప్పటితో. "కాస్త టీ ఉంటే..."

అదే టీ, అదే గ్లాసు. ఇచ్చి వచ్చాక ఎందుకో పొయ్యి ముందు ఊరికే నిలబడిపోయాను.

దుప్పటికి పొగవాసన పట్టిందని అత్తగారే తీసి ఉతికింది. ఆరాక మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆ రోజు వంటగట్టు దగ్గర నిలబడి హాలు కిటికీ వైపు చూస్తూ, "ఇంత వెలుతురు ఇక్కడిదాకా వస్తుందా? నేను మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకుని వండేదాన్ని" అంది. ఫిర్యాదులా లేదు ఆ మాట. పోయిన వస్తువు ఇంట్లోనే దొరికినట్టుంది.

మా ఆయన సంగతి వేరు. వార్తలు వింటుంటే గిన్నెల మోత అడ్డమని సణిగాడు. ఒక సాయంత్రం టీ అడగడానికి నోరు తెరిచి ఇటు చూశాడు. నా రెండు చేతులూ మోచేతులదాకా పిండిలో ఉన్నాయి, ముక్కు దురదపెడితే భుజంతో రుద్దుకుంటున్నాను. గోడ ఉండగా కూడా నేను ఇలాగే ఉండేదాన్ని. తెరిచిన నోరు మూసుకుని లేచి వచ్చాడు, చక్కెర ఎక్కడుందని అడిగాడు.

"నువ్వు పుట్టకముందునుంచీ అక్కడే ఉంది" అంది వాళ్ళమ్మ.

ఒక్క టీ పెట్టుకున్నంత మాత్రాన మనిషి మారిపోయాడని నేను చెప్పను. గిన్నె కడగలేదు. కానీ చూశాడు. చూడని మనిషి అడిగేదానికీ చూసిన మనిషి అడిగేదానికీ తేడా ఉంటుందని నాకు తెలిసింది.

తర్వాతి సెలవురోజు మూలనున్న ఇటుకలు మోసుకొచ్చి గోడ ఉండేచోట రెండు దిమ్మెలుగా పేర్చాను. నేనో చివర, అత్తగారో చివర పట్టుకుని పెరట్లోంచి తలుపు తెచ్చి వాటిమీద పడుకోబెట్టాం. బల్ల తయారైంది. గొళ్ళెం మాత్రం ఒక పక్కకి పొడుచుకొచ్చింది, దానికి చేతిగుడ్డ తగిలించాను. కూరగాయలు అక్కడే పోశాను. కాయలు దగ్గరగా ఉంటే చెయ్యి ఊరుకోదు. మామగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం మొదలుపెట్టారు, సగం కాయ ఈనెతోపాటే పోయేది. మిగిలినవే కూరలో వేసేదాన్ని.

అలా అలవాటు పడుతుండగా మేస్త్రి వచ్చాడు. తప్పు చేసినవాడి నవ్వు నవ్వుతూ, మేడవాళ్ళు కదలనివ్వలేదమ్మా అన్నాడు. మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి వస్తూనే కొత్త గోడ వచ్చేచోట నేలమీద దారం లాగి కట్టాడు. దారమే. కానీ దాన్ని చూడగానే నా పాత చెవి లేచి కూర్చుంది. ఇంత గాలీ వెలుతురూ చూశాక మళ్ళీ దాని వెనక్కి వెళ్ళలేననిపించింది.

"అయ్యా, ఆ తలుపు ఇటిస్తే చట్రం కొలుచుకుంటాను" అన్నాడు మేస్త్రి మా ఆయనతో.

"దానిమీద తింటున్నాం" అన్నాను. "గోడ వద్దు. పగిలిన అంచులకి పూత పూసి, నేలకి అతుకు వేసిపెట్టు చాలు."

మా ఆయన నావైపు తిరిగాడు. "గోడ కట్టించాలని ముందే అనుకున్నాంగా."

"అవతల కూర్చునేవాళ్ళు అనుకున్నారు. ఇవతల ఉండేది నేను."

గొంతు పెంచలేదు. కిటికీ వెనకనుంచి ఈ బస్సు ఆ ఊరు పోదు అని చెప్పే గొంతుతోనే చెప్పాను. మేస్త్రి ఎవరి మాట వినాలో తెలియక మా ఆయన మొహం చూశాడు. మా ఆయన వాళ్ళ నాన్న మొహం చూశాడు.

బల్లమీద ఉంగరం ఒకసారి టక్కుమంది.

అందరం అటు చూశాం. మామగారు తన చేతిని తానే చూసుకున్నారు, అదెవరిదో అన్నట్టు. తర్వాత బల్ల పట్టుకుని మెల్లిగా లేచారు. దారం దాటి ఇవతలికి వచ్చి, బిందె మూత తీసి, గ్లాసు ముంచుకుని తాగారు. మేస్త్రి వంగి దారం చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నీకూ ఇవ్వనా, అమ్మాయ్?" అన్నారు మామగారు.

నాకు దాహంగా లేదు. అయినా ఇవ్వమన్నాను.