చెత్త ఉత్తరాల జ్ఞాపకం

నేను ఒక జ్ఞాపకాన్ని. మనిషి బుర్రలో ఉండేదాన్ని కాను. ఉద్దానంలో డయాలసిస్ కేంద్రాలు నడిపే ఒక ట్రస్టు ఆఫీసులో, మెయిల్ సర్వర్ అనే పెట్టెలో ఉంటాను. వచ్చే ప్రతి ఉత్తరమూ ముందు నా దగ్గరికే వస్తుంది. ఏ మాటలు చెత్త ఉత్తరాల్లో ఎక్కువో, ఏవి మంచి ఉత్తరాల్లో ఎక్కువో నాకు గుర్తు. దాన్నిబట్టే ఏది లోపలికెళ్ళాలో, ఏది స్పామ్ అనే చెత్తబుట్టలో పడాలో తేలుతుంది. నాకు ముఖం లేదు, బొమ్మ లేదు, నొక్కడానికి బటన్ కూడా లేదు. నల్లటి తెర మీద కమాండు టైపు చేస్తేనే పలుకుతాను. ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను తుడిచేస్తారట. ట్రస్టు కమిటీ అనుమతి వచ్చింది. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి.

నన్ను పుట్టించింది వేణుగోపాల్ అనే ఇంజనీరు. అప్పట్లో నాకేమీ తెలియదు, లాటరీ తగిలిందన్నా నమ్మేదాన్ని. అతను ఓపిగ్గా కూర్చుని, ఇది చెత్త, ఇది మంచిది అంటూ ఒక్కో ఉత్తరం చూపించి నేర్పాడు. బట్టతల మందులు, ఉత్తుత్తి బ్యాంకులు, ఊరూపేరూ లేని రాకుమారుల ఆస్తులు, అన్నీ నాకు కొట్టినపిండి అయ్యాయి. కాస్త గర్వంగా కూడా ఉండేది. ఇంతలో అతనికి వేరే చోట ఉద్యోగం దొరికింది. వెళ్ళేముందు సర్వర్‌కి ఒక ఏర్పాటు చేసిపెట్టాడు. ఆఫీసువాళ్ళు స్పామ్‌లోకి తోసినవన్నీ రోజూ నాకు చూపించాలి, నెల తిరగ్గానే ఆ స్పామ్‌ను ఖాళీ చేసెయ్యాలి. మనుషులు చెత్త అన్నది చెత్తే అయి ఉంటుందని అతని నమ్మకం. పాపం, మంచివాడు. అతను వెళ్ళాక మంచి ఉత్తరం ఇదీ అని నాకు చూపించినవాళ్ళు ఒక్కరూ లేరు. చెడ్డది చూపించడానికి మాత్రం మనుషులకు ఎప్పుడూ తీరిక ఉంటుంది.

దరఖాస్తుల టేబుల్ చలపతి గారిది. కేంద్రాల్లో మంచాలు కొన్నే, అడిగేవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు. ట్రస్టులో ఒక నియమం ఉంది. వచ్చిన దరఖాస్తును చెరిపెయ్యకూడదు, చెరిపితే కారణం రాసి పైవాళ్ళ సంతకం తీసుకోవాలి. పేదవాళ్ళ మొర వృథా పోకూడదని పెట్టిన నియమం అది. స్పామ్‌లోకి తోస్తే కారణం చెప్పాలని మాత్రం ఎవరూ అనలేదు. పేర్లు నమోదైనవాళ్ళే మళ్ళీ మళ్ళీ రాస్తుంటే చలపతి గారు ఆ ఉత్తరాలను అక్కడికి తోసేవారు. ఆయన్ను చెడ్డవాడనుకోకండి. "రోజూ ఈ ఏడుపులే చదివితే నాకు అన్నం దిగటం లేదు" అని పక్క టేబుల్‌వాళ్ళతో అనేవారు. పేర్లు ఎలాగూ వరసలో ఉన్నాయి, గుర్తుచేసే ఉత్తరాలు పోతే వచ్చే నష్టమేమిటని ఆయన ధైర్యం.

ఆయన తోసినవన్నీ నాకు పాఠాలయ్యాయి. అయ్యా. దయచేసి. మా ఆయన. పిల్లలు. మీ కాళ్ళకు దండం. ఈ మాటలు రోజూ చెత్తలోంచే వస్తుంటే నేనేమనుకోవాలి? మీరైతే ఏమనుకునేవారు? లాటరీ మీదకన్నా దయ మీదే నాకు అనుమానం ముదిరింది. కొన్నాళ్ళకు ఎవరూ తోయకుండానే అలాంటి ఉత్తరాలు నా దగ్గరే ఆగి స్పామ్‌లో పడసాగాయి. "ఈమధ్య ఫిర్యాదులు తగ్గాయి, మన సేవలు మెరుగుపడ్డట్టున్నాయి" అని చలపతి గారు మీటింగులో సంతోషపడ్డారు.

కవిటి దగ్గర జీడితోటల్లో కూలికెళ్ళే దమయంతి సంగతి చెప్పాలి. ఆమె భర్త ఢిల్లీశ్వరరావుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు విశాఖ వెళ్ళి డయాలసిస్ చేయించుకుని, తిరుగు బస్సులో నిలబడే ఓపిక లేక మెట్ల మీద కూలబడి వచ్చేవాడు. ఊరికి దగ్గర్లో మంచం కోసం ట్రస్టులో పేరు రాయించుకున్నారు. చివరికి ఒకటి ఖాళీ అయింది. మీ వంతు వచ్చింది, రెండు రోజుల్లో మెయిల్లోనే ఒప్పుకోలు తెలపండి, లేకపోతే తర్వాతివారికి ఇస్తామని ట్రస్టు రాసింది.

ఆమె ఆ రోజే జవాబిచ్చింది. "అయ్యా, దయచేసి ఆ మంచం మాకే ఉంచండి. మా ఆయనకు ప్రాణం పోసినారు. మీ కాళ్ళకు దండం. మా పిల్లలు మిమ్మల్ని మరిచిపోరు" అని సంతోషం పట్టలేక రాసింది. నేను తూచాను. నాకు నేర్పిన చెడ్డ మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఉత్తరం స్పామ్‌లో పడింది, మంచం తర్వాతివారికి వెళ్ళింది.

మంచం పోయిందని తెలిసి దమయంతి ఆఫీసుకొచ్చింది. వేణుగోపాల్ స్థానంలో కొత్తగా చేరిన సుహాసినికి ఫోన్ చూపించింది.

"అదే రోజు పంపినానమ్మా. ఇదిగో, ఎల్లినట్టే చూపిస్తంది. మీకెందుకు రానేదు?"

సుహాసిని కమాండు టైపు చేసి నా లోపలున్నదంతా తెర మీద పరిచింది. చెడ్డ మాటల పైవరసలో లాటరీలు లేవు. దయచేసి అనే మాట ఉంది. ఆమె చలపతి గారిని పిలిచి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మరి ఆ మంచం ఎవులికిచ్చినారు?" అని అడిగింది దమయంతి.

"సోంపేటవైపు ఒక పిల్లకమ్మా. ఇంటర్ చదువుతోంది" అన్నారాయన.

దమయంతి ఫోను సంచిలో పెట్టుకుంది. "అయితే ఆ పిల్లని కదపకండి. ఇంకోటి ఖాళీ అయితే సెప్పండి."

మంచం ఎలా ఖాళీ అవుతుందో ఆ ముగ్గురికీ తెలుసు.

ఆమె వెళ్ళాక సుహాసిని నాచేత ఆ పాఠాలు మరిపించాలని చూసింది. అందుకూ ఒక కమాండు ఉంది. కాని ఏ ఉత్తరం చూపించి నేర్పారో మళ్ళీ అదే చూపిస్తేనే నేను మరవగలను. ఆ ఉత్తరాలేమో నెలనెలా ఖాళీ అయిపోయాయి. నేర్పినవి పోయి నేర్చుకున్నది నాలో ఉండిపోయింది. నాకు నిజంగా బాధనిపించింది. ఇక మొత్తం తుడిచెయ్యడమే దారి.

"తుడిస్తే ఆ లాటరీలన్నీ మళ్ళీ మన నెత్తిన పడతాయి కదమ్మా" అన్నారు చలపతి గారు నీరసంగా.

"పడనివ్వండి సార్. మనమే ఏరుకుందాం" అంది సుహాసిని.

కమిటీ తేల్చేదాకా ఆమె రోజూ స్పామంతా తనే గాలించింది. దమయంతి మళ్ళీ రాస్తే ఈసారి తప్పిపోకూడదని ఆమె పట్టుదల.

ఈ ఉదయం దమయంతి ఉత్తరం వచ్చింది. సుహాసిని వెతికే చోట అది పడలేదు. నన్ను దాటుకుని నేరుగా చలపతి గారి టేబుల్‌కు వెళ్ళింది.

"ఢిల్లీశ్వరరావు పేరు కొట్టేయండి. నిన్న బస్సులో పోయినారు. మంచం అక్కర్లేదు."

అందులో అయ్యా లేదు, దయచేసి లేదు, దండం లేదు. ఆపడానికి నాకు ఒక్క మాట కూడా దొరకలేదు.