ఉన్నట్టే తెలీదు

"నీ కూతురు ఇంట్లో ఉన్నట్టే తెలీదమ్మాయ్. ఇలాంటి పిల్లల్ని పదిమందినైనా చూసేస్తాను."

పెద్దమ్మ ఆ మాట అన్నప్పుడల్లా పిల్ల తల్లికి కడుపు నిండిపోయేది. పొద్దున్నే పిల్లకి జడ వేస్తున్నప్పుడూ అదే మాట గుర్తొచ్చి తనలో తను నవ్వుకునేది. పిల్ల తల ఒక పక్కకి వాలిపోతుంటే గడ్డం పట్టుకుని నిలబెట్టి, పాయలు తీసి, రబ్బరుబ్యాండు బిగించేది. మూడున్నరేళ్ళ పిల్ల కదలకుండా మెదలకుండా జడ వేయించుకోవడం ఎంత అదృష్టమో ఎనిమిదింటి బస్సు అందుకోవాల్సిన తల్లికే తెలుస్తుంది. నాలుగు నెలల క్రితం ఇదే జడకోసం ఇల్లంతా పరిగెత్తాల్సి వచ్చేది. చీమలకి జడ ఎవరేస్తారు, బస్సుకి అమ్మ ఉందా, నువ్వు చిన్నప్పుడు నేనెక్కడున్నాను అని ఊపిరి తీసుకోకుండా అడిగేది. అందుకే దానికి వసపిట్ట అని పేరు పడింది. ఇప్పుడు పేరు మిగిలింది, వాగుడు పోయింది. బుద్ధొచ్చింది అనుకుంది తల్లి. తనకి ఏది వీలుగా ఉందో అదే అనుకుంది.

పెద్దమ్మ చుట్టమేమీ కాదు. అదే బిల్డింగులో పై అంతస్తులో, ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో ఒంటరిగా ఉండే మనిషి. పనులకి వెళ్ళేవాళ్ళ పిల్లల్ని అయిదుగురిని చూస్తూ, మధ్యలో చొక్కాలకి బొత్తాలు కుట్టి ఇచ్చేది. పిల్లలు పెద్దమ్మ అంటారు కాబట్టి తల్లులూ అలాగే పిలిచేవాళ్ళు. ఆవిడ దొరకడానికి ముందు ఆమె తొక్కని గడప లేదు. గోడల మీద ఏనుగులూ జిరాఫీలూ ఉన్న డేకేర్ సెంటర్‌లో అడిగిన ఫీజు ఆమె జీతంలో సగానికి పైన. పోనీ, ఒంటిపూట తిని కడదామనుకున్నా వాళ్ళు తలుపులు మూసేది అయిదున్నరకి, ఆమె డ్యూటీ దిగేది ఏడింటికి. ఆ గంటన్నర ఎవరు చూస్తారండీ అని అడిగితే, అక్కడి మేడమ్ ఫారం మీద వేలు పెట్టి, "తండ్రి సంతకం కూడా కావాలండీ" అంది. ఆ గంటన్నరకీ తండ్రి సంతకానికీ సంబంధం ఏమిటో ఆమెకి ఇప్పటికీ అర్థం కాలేదు. అన్నయ్య ఇంట్లో వదిన వారం రోజులు చూసి, "నేనూ ఖాళీగా లేను కదమ్మా" అంది. నిజమే, వదినకి మాత్రం ఎవరు జీతమిస్తున్నారు?

ఇక తండ్రిగారు. విడాకుల కాగితాల్లో పిల్ల తల్లి దగ్గర పెరుగుతుందని రాశారు. తల్లి పనికి వెళ్ళినప్పుడు ఎవరి దగ్గర పెరుగుతుందో రాయలేదు. ఫోన్ చేసి వారంలో రెండు రోజులు చూడమని అడిగితే, "చూసుకోలేనిదానివి ఎందుకు పట్టుకెళ్ళావు? మా అమ్మకిచ్చెయ్" అన్నాడు. తను చూడడు, ఆమె చూడలేకపోయే రోజు కోసం మాత్రం కాచుకుని కూర్చున్నాడు. అత్తగారిది ఇంకో దారి. కాపురం చేసిన అయిదేళ్ళూ, "కోడలంటే ఇంట్లో ఉన్నట్టే తెలియకూడదు, పనులు మాత్రం అయిపోతుండాలి" అని పాఠం చెప్పిన మనిషి, బయటికి వచ్చి ఉద్యోగం వెతుక్కున్నప్పుడు, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. చూస్తాను, ఎన్నాళ్ళు ఎగురుతుందో!" అంది. నెలకి రెండు ఆదివారాలు పిల్లని వాళ్ళ దగ్గరికి పంపాలి. పిల్ల ఒంటి మీద చిన్న గీత పడినా అక్కడ పంచాయితీ. అందుకే ఆమె పిల్ల చెప్పుల దగ్గర్నుంచి చెవుల వెనక మట్టి దాకా చూసి చూసి పంపేది. గీతలు లేకుండా పంపేది.

ఆమె పని మందుల షాపులో, కౌంటర్ దగ్గర. చీటీ చూసి మందు తియ్యడం, ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం. నాలుగు మాటలు రోజుకి రెండు వందల సార్లు చెప్పాలి: తిన్నాక వేసుకోండి, తినకముందు వేసుకోండి, సీసా బాగా ఊపండి, ఇది తాగితే మగతగా ఉంటుంది బండి నడపకండి. ఓనరు మంచివాడే, తన పని ఆగనంతవరకు. కొత్తగా ఎవరు చేరినా ఆమెని చూపించి, "ఈవిడకి చిన్నపిల్ల. ఒక్క రోజు లేటు లేదు, ఒక్క ఫోన్ లేదు. పిల్ల ఉన్నట్టే తెలీదు. పని అంటే అలా చెయ్యాలి" అనేవాడు. ఆమె తల వంచుకుని సిగ్గుపడేది. ఆ మెచ్చుకోలుకి సిగ్గుపడినందుకు తర్వాత ఎన్ని రోజులు తనని తను తిట్టుకుందో లెక్కలేదు.

పెద్దమ్మ దగ్గర చేర్చిన రెండో వారంలో ఆవిడ, "పొడిదగ్గు పట్టుకుందే, వదలట్లేదు. మీ షాపులో ఏదైనా మందుంటే తెచ్చిపెట్టు" అంది. ఆమె స్టాఫ్ డిస్కౌంట్‌లో దగ్గు సిరప్ తెచ్చింది. అలవాటుగా పాఠం అప్పజెప్పింది: "మగతగా ఉంటుంది పెద్దమ్మా. బండి నడపకండి." పెద్దమ్మ పగలబడి నవ్వింది. "నాకు బండెక్కడిదే! బాగా నిద్ర పడుతుందా?" అని అడిగింది. "పడుతుంది" అంది ఆమె. ఆ తర్వాత వారానికో సీసా. ఒకసారి ఉండబట్టలేక, "డాక్టరుకి చూపించుకోకూడదూ?" అంది. "ఆ పూట పిల్లల్ని నువ్వు చూస్తావా?" అంది పెద్దమ్మ. మరుసటి వారం ఆమె ఇంకో సీసా తెచ్చింది.

పోయిన ఆదివారం సాయంత్రం పిల్లని తెచ్చుకోవడానికి వెళితే అత్తగారు గుమ్మంలోనే ఆపింది. "దీన్నేం చేస్తున్నావే? పొద్దుటినుంచీ ఒకటే చిరాకు, చేతులు నలుపుకోవడం, ఏడవడం. మొన్నెప్పుడో వచ్చినప్పుడు మత్తులో ఉన్నట్టు సోలిపోయింది. ఇది మన వసపిట్టేనా?" ఆమెకి చుర్రుమంది. "పిల్లకి పద్ధతి నేర్పుతున్నారు, అంతే" అని పిల్లని చంకనేసుకుని వచ్చేసింది. దారంతా అత్తగారిని మనసులో ఏకి పారేసింది. వంక దొరక్క మూల్గుతోంది ముసలిది, అనుకుంది. తనని అయిదేళ్ళు వేపుకు తిన్న మనిషి నోట్లోంచి నిజం ఎలా వస్తుందని!

బుధవారం ఆమెకి సెలవు. ఆ రోజు పిల్లని పైకి పంపలేదు. బట్టలు ఉతికి ఆరేసి లోపలికి వచ్చేసరికి పిల్ల గుడ్డబొమ్మని నేల మీద పడుకోబెట్టి, దాని ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుంది. రెండో చేతిలో చిన్న ప్లాస్టిక్ మూత. "తాగెయ్. తాగితే మంచి పాప. తాగకపోతే అమ్మ రాదు" అంటోంది. గొంతు అచ్చం పెద్దమ్మ గొంతే. ఆ మూతని ఆమె చేతిలోకి తీసుకుని చూడాల్సిన పని లేదు, అయినా తీసుకుని చూసింది. పక్కన కొలత గీతలు. అలాంటి మూత ఉన్న సీసాలు తను రోజుకి ఎన్ని అమ్ముతుందో ఆమెకి తెలుసు. వాసన కూడా తెలుసు.

ఈ మూడు నెలల్లో పెద్దమ్మ ఒక్కసారైనా దగ్గడం విన్నానా? అదీ అప్పుడొచ్చిన మొదటి ఆలోచన. వినలేదు. సాయంత్రం ఏడున్నరకి మెట్లెక్కి వెళితే అయిదుగురు పిల్లలున్న గది నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దానికి తను థాంక్స్ చెప్పేది.

పిల్లని ఎత్తుకుని మెట్లెక్కింది. తలుపు తోస్తే తెరుచుకుంది. మధ్యాహ్నం మూడింటికి నలుగురు పిల్లలు చాప మీద వరసగా, ఒకే వైపు తిరిగి పడుకుని ఉన్నారు. పక్కన బొత్తాల డబ్బా పెట్టుకుని పెద్దమ్మ చొక్కా కుడుతోంది. తల్లి చేతిలో మూత చూసింది. సూది ఆపలేదు.

"అరవకు. లేస్తారు."

"ఎంత పోస్తున్నావ్?" ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వులోకి దిగింది.

"సగం మూతే. నిద్ర పడుతుందని చెప్పి నువ్వే ఇచ్చావుగా."

"నీకిచ్చాను! నీ దగ్గుకిచ్చాను!"

"కిందుండే ఇంటి ఓనరు ఇంకోసారి ఏడుపు వినిపిస్తే ఖాళీ చెయ్యమన్నాడు. అయిదుగురు పిల్లలు, నావి రెండు చేతులు. నీ పిల్ల అయితే మరీను, నోరు మూస్తే ఒట్టు." పెద్దమ్మ దారం కొరికింది. "మీరంతా నా దగ్గరికి వచ్చి ఏమడిగారే? ఎలా చూస్తావని ఒక్కరైనా అడిగారా? ఎంతకి చూస్తావని అడిగారు. మీరిచ్చేదానికి ఇంతే వస్తుంది."

ఆ ముసలామె చెప్పినదాంట్లో సగం నిజం ఉండటమే ఆమెని కాల్చేసింది. వంటింట్లోకి వెళ్ళి గట్టు మీదున్న సీసా సింకులో ఒంపేసింది. నలుగురు పిల్లల్నీ ఒక్కొక్కరినే తట్టి లేపి, ఊపిరి చూసి, మొహాలు కడిగింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, వచ్చిన ప్రతి తల్లికీ చెప్పింది. ఇద్దరు ఏడ్చారు. ఒకావిడ పెద్దమ్మ మీద చెయ్యెత్తింది. నాలుగో ఆవిడ, ఆఫీసులు ఊడ్చే ఆవిడ, ఆమె మీదే విరుచుకుపడింది. "ఇది నాకిప్పుడెందుకు చెప్పావు? రేపు నా పిల్లనెక్కడ పెట్టాలి? నీ దగ్గర పెట్టుకుంటావా?" అంటూనే పిల్లని గుండెకి అదుముకుని, వెక్కుతూ మెట్లు దిగింది.

ఆ రాత్రే తీసుకెళ్తే, షాపు పక్కనే కూర్చునే పిల్లల డాక్టరు వసపిట్టని పైనుంచి కిందిదాకా చూశాడు. అదృష్టం బాగుంది, మందు ఆగితే తేరుకుంటుంది, రెండు మూడు రోజులు కనిపెట్టి చూడండి అన్నాడు. చివర్లో, "తల్లి ఏం చేస్తోందండీ ఇన్నాళ్ళూ?" అన్నాడు. తండ్రి ఏం చేస్తున్నాడని అడగలేదు. మందులు అమ్ముతోంది, అని చెబుదామనుకుని మింగేసింది. ఆ సీసాలు మోసుకొచ్చినవి తన చేతులే. మగత వస్తుందని చెప్పింది తన నోరే. ఇది ఎవరి మీదికి నెట్టినా పూర్తిగా పోదు. కానీ ఆమె ఒక్కదాని మీదే ఉండాల్సినదీ కాదు. ఆ మాట అర్థం కావడానికి ఆ రాత్రంతా పట్టింది.

తెల్లారేసరికి రెండు దారులు మిగిలాయి. ఫోన్ తీసి అత్తగారి నంబరు దాకా వెళ్ళింది. నువ్వన్నదే నిజం, పిల్లని ఉంచుకో అంటే చాలు. ఇక ఆదివారాలు తనవవుతాయి, మిగతా వారమంతా వాళ్ళదవుతుంది. ఫోన్ పక్కన పెట్టి దువ్వెన తీసింది. పిల్ల తల తిప్పేసింది. "వద్దు! రాక్షసులకి జడలుంటాయా?" అంది. చాలా రోజుల తర్వాత అడిగిన మొదటి ప్రశ్న. ఆమె ఏడ్చేసింది. జడ వంకరగా వచ్చింది. అలాగే వదిలేసింది.

తొమ్మిదింటికి షాపులో, కౌంటర్‌కి ముందు కొనేవాళ్ళు కూర్చునే స్టూలు మీద, అందరికీ ఎదురుగా వసపిట్టని కూర్చోబెట్టింది. అయిదు నిమిషాల్లో అది ఒక పెద్దాయన్ని మీకేం జబ్బు అని అడిగింది. ఇంకొకాయన్ని ఈ మందు చేదుగా ఉంటే ఉమ్మెయ్యొచ్చా అని అడిగింది. లోపల్నుంచి ఓనరు వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా అమ్మాయి సార్. చూసేవాళ్ళు దొరికేదాకా ఇక్కడే ఉంటుంది."

"ఇలా కుదరదు. నీ సంగతి వేరనుకున్నానే!" గొంతు తగ్గించి, కొనేవాళ్ళ వైపు ఓ చూపు చూశాడు. "సర్లే, ఈ ఒక్క రోజుకి. వెనక స్టోర్‌రూములో పెట్టు. ఎవరికీ కనబడకుండా, చప్పుడు కాకుండా."

ఆమె ఎదుటి మనిషి చీటీ అందుకుని, మందు తీసి, కౌంటర్ మీద పెట్టింది.

"అలాంటి చోటునుంచే తెచ్చుకున్నాను సార్" అంది.