బొంత మీద నిలబడ్డ మనిషి

నేను ఒక బొంతను. నాలో రెండు నేత చీరలు, తాత పంచె, ఎవరిదో వెలిసిపోయిన లంగా ఉన్నాయి. ఆ లంగా ఎవరిదంటే చెప్పలేను కానీ, దాని మీది గోరింటాకు మరక ఎక్కడుందో చెప్పగలను. నన్ను అచ్చమ్మ కుట్టింది. చంటిపిల్లలు తడిపారు, చుట్టాలు గురకలు పెట్టారు, ఒకసారి పిల్లి నా మీదే ఈనింది. దేనికీ నేను తికమక పడలేదు. మనుషులు పడుకుంటారు, లేస్తారు, నన్ను మడత పెడతారు. పరిచిన బొంత పరిచినట్టే ఉంటే ఇంటికి మంచిది కాదని అచ్చమ్మ కేకలేసేది.

తరవాత ఆవిడ కూతురు కోటిరత్నానికి దక్కాను. తెనాలిలో జాకెట్లు కుట్టే మనిషి. ఆ ఇంట్లో మిషను చప్పుడు లేని పూట ఉండేది కాదు. ఒకనాడు ఆ చప్పుడు ఆగిపోయింది. రత్నం నా మీద పడుకుని, లేవడం మానేసింది. జ్వరమా అంటే ఒళ్లు చల్లగానే ఉంది. ఏడుస్తోందా అంటే నేను తడవలేదు. మరేమిటి? నాకేమీ తోచలేదు. నన్ను మడిచేవాళ్లూ లేరు.

పెద్ద ఆడబిడ్డ సామ్రాజ్యం వచ్చి డాక్టరుకు చూపించింది. దిగులు జబ్బన్నారట. మాత్రలిచ్చి, పొద్దున పూట మెల్లగా చేసే యోగా కూడా మేలు చేస్తుందన్నారట.

“లే రత్నం. ఆ బొంత కూడా పట్రా, కింద పరుచుకోవాలంట.”

“ఓపిక లేదు వదినా.”

“ఓపికుంటే అక్కడికెందుకే? వంటింట్లోకి తోసేదాన్ని.”

యోగా నేర్పే ఆ హాల్లో అందరివీ నున్నటి కొత్త చాపలు. అతుకులదాన్ని నేనొక్కదాన్నే. రత్నం నా మీద నిలబడింది! పడుకునే బొంతను తొక్కితే అచ్చమ్మ వీపు పగలగొట్టేది. ఇక్కడ టీచరమ్మే తొక్కమంటోంది. చేతులెత్తుతూ గాలి పీల్చారు, దించుతూ వదిలారు. అంతే. బరువు మోయలేదు, ఎక్కడికీ నడవలేదు. ఇదేం పనో!

చివర్లో టీచరమ్మ, “అందరూ శవాసనం” అంది.

సామ్రాజ్యం గయ్యిమంది. “పడుకోమను తల్లీ, పడుకుంటాం. ఆ పేరు మాత్రం మా పిల్ల ముందు ఎత్తబాకు.”

“సరే పెద్దమ్మా, విశ్రాంతి అంటాను” అని నవ్వింది టీచరమ్మ.

రత్నం వాలింది. నా కుట్లన్నీ బిగుసుకున్నాయి. ఇంట్లో పడుకున్నట్టే పడుకుంది కదా, ఇక లేస్తుందా? “కుడిపక్కకి తిరిగి మెల్లగా లేవండి” అంది టీచరమ్మ. అందరూ లేచారు. రత్నం లేవలేదు. హాలు ఖాళీ అయింది. సామ్రాజ్యం మాత్రం పక్కనే కూర్చుంది. ఊడ్చే మనిషి చీపురుతో గుమ్మం దాకా వచ్చాక రత్నం కుడిపక్కకి తిరిగింది. లేచింది. నన్ను చుట్టింది మాత్రం సామ్రాజ్యమే.

ఆ తరవాత కొన్నాళ్లు వెళ్లింది, కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకుంది, మళ్లీ వెళ్లింది. ఒక పొద్దున ఆ విశ్రాంతిలో ఆమె వేలు నా అంచు దగ్గర ఆగింది.

“వదినా, ఇక్కడ కుట్టు ఊడిపోయింది చూశావా?”

“అది ఏనాడో ఊడింది. నీకిప్పుడు కనబడిందా?”

రత్నం లేచి నన్ను తనే మడిచి చంకన పెట్టుకుంది.

మాత్రలా, గాలి పీల్చడమా, వదిన నోరా? ఏది పనిచేసిందో నాకు తెలియదు. పెట్టె మీద మడతలో కూర్చుని ఆలోచిస్తుంటాను. అదే మనిషి, అదే పడుకోవడం, కింద నేనే. అక్కడ లేచిన మనిషి ఇక్కడెందుకు లేవలేకపోయింది? మళ్లీ గోడవైపు తిరిగే రోజు వస్తుందేమో, అదీ తెలియదు. నా అంచుకి మాత్రం ఎర్రదారం కుట్టు పడింది. వంకరగా ఉంది. రత్నం చేతి కుట్టు అంత వంకర పోవడం నేనెన్నడూ చూడలేదు.

రేపు విప్పి మళ్లీ కుడతానంది.