తోక అతికిన పక్షి

"ఈసారి రిపోర్టు మీద నీ పేరే పెడదాంలే," అన్నాడు భర్త, తిన్న కంచం సింకులో పడేస్తూ. గిన్నెలు తోముతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. మ్యూజియంలో శిలాజాల విభాగానికి అతను పెద్ద; అక్కడే ఎక్స్‌రే గదిలో ఆమె ఉద్యోగం. ఏ రాయి అసలుదో, ఏది నకిలీదో కళ్లు లాగేదాకా చూసి తేల్చేది ఆమె, కింద పేరు మాత్రం అతనిది. ఒకసారి అడిగితే "మొగుడి పేరూ పెళ్లాం పేరూ వేరా ఏంటి?" అని నవ్వేశాడు. అత్తగారు మరీను, "వాడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదుటమ్మా?" అన్నారు. ఇన్నేళ్లకు ఆ నోట ఈ మాట! పిచ్చిమొహం, ఎంత సంబరపడిపోయిందో. మిగిలిన గిన్నెలన్నీ కూనిరాగం తీస్తూ తోమేసింది.

ఆ రోజు యంత్రంలో పెట్టింది కొత్తగా కొన్న పక్షి శిలాజం. రాతిపలక మీద పొడవాటి తోకతో చూడముచ్చటగా ఉంది. పట్టుబట్టి కొనిపించింది భర్తే. తెర మీద బొమ్మ తేలగానే ఆమె దగ్గరికి వంగి చూసింది. పక్షి ఒంటి కింద రాతిలో సాగిన పగుళ్లు తోక దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయాయి. ఒకటే రాయి అయితే అవి అవతలికీ సాగాలి కదా! మధ్యలో జిగురు, అందులో గాలిబుడగలు. పక్షి పక్షే, తోక మాత్రం ఇంకేదో జంతువుది.

కబురు పెడితే భర్త వచ్చి తలుపేశాడు. తెర వైపు చూడనైనా లేదు.

"అసలుదేనని రాసెయ్యి."

"మీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉంది. అందుకేగా నీ పేరు పెడదామంది! రేపు బయటపడితే నువ్వు పొరబడ్డావంటారు, అంతే. నీ ఉద్యోగం పోయినా ఇల్లు నడుస్తుంది. నాది పోతే?"

కోపం కన్నా ముందు ఆమెకు సిగ్గేసింది. ఇన్నేళ్ల నిజాలన్నీ అతని ఖాతాలో పడ్డాయి. ఒక్క అబద్ధం వచ్చేసరికి పెళ్లాం పేరు గుర్తొచ్చిందన్నమాట! అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఇంటి పరువట, పిల్లల చదువులట, అమ్మ బీపీ అట. ఇంట్లో ఈ మాటలకు ఎన్నిసార్లు సరేనని ఊరుకుందో. ఈ తెర ముందు కూర్చుని మాత్రం ఏనాడూ లేనిది ఉన్నట్టు రాయలేదు. తనదంటూ మిగిలింది అదొక్కటే, దాన్నీ ఇచ్చేస్తే ఇక తనేం మిగులుతుంది?

కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తోక అతికించినదని రాసింది. బొమ్మలు జతచేసి, కింద తన పేరు ఇంటిపేరుతో సహా కొట్టి, డైరెక్టరుకు పంపేసింది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడతను.

"కంగారు పడకండి," అంది ఆమె. "మీరు చెప్పినట్టే, మీ పేరు ఎక్కడా పెట్టలేదు."