సంగమ్మ ఖాళీ డబ్బా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి ముందు సంగమ్మ, పిండి జల్లిస్తున్న కోడలు రోజ, ఉయ్యాలలో ఏడు నెలల మనవరాలు, వంటింటి గడప పక్కన నిస్సీ. కొడుకు వీరేశ్ పనికి హైదరాబాద్ పోయి నెలైంది.

నారాయణఖేడ్ బస్టాండు దగ్గరి హోటలుకు పదకొండింటికల్లా అరవై జొన్న రొట్టెలు చేరాలి. ఇరవై రెండేళ్లుగా చేరుతూనే ఉన్నాయి. సంగమ్మ వేడి నీళ్లతో కలిపిన పిండిని మెత్తగా పిసికి, ముద్ద చేసి తడుతుంటే రొట్టె పీట మీద దానంతట అదే తిరుగుతుంది. కుడి మణికట్టు ఉబ్బిపోయి ఆ చేతికి గాజులు ఎక్కవు. పొద్దున్నే, కోడలు లేవకముందే, చాయతో నొప్పి గోలి పడితేనే ఆ చేయి లేస్తుంది.

రోజూ నొప్పి గోలీలు మింగేవాళ్ల కిడ్నీలు ఏమవుతున్నాయో చూసే పరిశోధనలో నిస్సీది ఇల్లిల్లూ తిరిగే పని. మూడు నెలలకోసారి రక్తం తీసుకుంటుంది. మింగిన గోలీల ఖాళీ అట్టలు వేయమని ఇంటికో డబ్బా ఇచ్చింది.

"మళ్ల ఖాళీయేనా పెద్దమ్మా?" నిస్సీ డబ్బా ఊపి చూసింది.

"నువ్వు వద్దన్నవని మానేసిన బిడ్డా."

"నా మాట ఒక్కటి వినదు మా అత్త. నీ మాటకు గోలీలే ఇడిసిపెట్టింది, చూడు!" అంది రోజ.

నిస్సీ రక్త పరీక్ష కాగితం విప్పింది. "మరి కిడ్నీలు పోయినసారికన్న ఎందుకు చెడిపోయినయి?"

సంగమ్మ చేయి ఆగలేదు.

"నీ డబ్బా చూసి మా డాక్టర్ సారు ఏమనుకుంటడు? గోలీలు మానినా గింతే అని రాసుకుంటడు. రేపు కంగ్టిల పత్తి ఏరేటోళ్లు అడిగితే, గోలీలతోని ఏం కాదంటడు."

చేయి ఆగింది. కంగ్టిలో పత్తి ఏరే చెల్లెలికి నడుం నొప్పికి గోలి అలవాటు చేసింది సంగమ్మే.

"అట్టలు పొయ్యిల ఏసిన బిడ్డా," అంది నేల చూస్తూ. "దినాం రెండు మింగుతున్న. డబ్బా నిండితే నీకు మాటొస్తదనుకున్న. పిల్లలు పరీక్ష తప్పితే పంతులునే గద అడిగేది."

నిస్సీ పొయ్యిలోని బూడిదను చూసి ఫక్కున నవ్వింది. "నిండితేనే గద పెద్దమ్మా నా పని అయ్యేది!"

కాగితంలో 'మానేసింది' అన్న పాత మాట కొట్టేసి, 'రోజుకు రెండు' అని రాసుకుంది. మళ్లీ వస్తానని నిస్సీ పక్కింటికి వెళ్లింది.

రోజ నవ్వలేదు. జల్లెడ పక్కన పెట్టి అత్త రెక్క పట్టుకుంది.

"లే."

"ఇంక ఇరవై ఉన్నయే!"

"నేను చేస్త."

"నీ రొట్టె ఎన్నడన్న గుండ్రంగ వచ్చిందా?"

"హోటలుకొచ్చేటోళ్లు రొట్టె తింటరు అత్తా, గుండ్రం తినరు. పో, ఎండల కూసోని నీ చెల్లెకు ఫోన్ కొట్టు. గోలీలు మానమని చెప్పు. రేపటిసంది పొయ్యి నాది."

అత్తను బయటకు నెట్టి, మళ్లీ లోపలికి రాకుండా వంటింటి తలుపు మూసేసింది.

సంగమ్మ ఎండలో చేయి ఒళ్లో పెట్టుకుని, చెల్లెలు ఫోన్ ఎత్తేదాకా నవ్వుకుంటూ కూర్చుంది. మూసిన తలుపు అవతల పీట మీద, ఆమె సగం తట్టిన రొట్టె నాలుగు వేళ్ల అచ్చులతో అలాగే ఉంది.