ఊ కొట్టిన పాపానికి

ప్లా ఆ బళ్ళో అసిస్టెంటుగా చేరి తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలైంది. పదేళ్ళు నిండిన ఆయాలకీ, అసిస్టెంట్లకీ అక్కడ ఒక వరం ఉంది: సొంత బిడ్డల్లో ఒకరికి ఆ బళ్ళోనే సీటు, ఫీజు లేకుండా. బాంకాక్‌లో బాంగ్‌నా రోడ్డు మీద, ఆ అంతర్జాతీయ బడి గేటు దగ్గర పొద్దున్నే ఆగే కార్లను చూసినవాళ్ళకి ఆ వరం విలువ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ప్లా కూతురు ఫాయ్‌కి ఏడేళ్ళు. ఆగస్టులో మూడో తరగతిలో చేరాలి. తొందర ఆపుకోలేక తల్లి అప్పుడే యూనిఫాం కొలతలు కూడా ఇచ్చేసింది.

ప్లా పనిచేసే రెండో తరగతికి పంతులమ్మ మిస్ హ్యారియట్, ఇంగ్లండు మనిషి, వచ్చి రెండేళ్ళు. ఆవిడకి పిల్లలంటే ఇష్టమే కానీ, శుక్రవారం ఉత్తరమంటే ప్రాణం. 'ఈ వారం మేం నేర్చుకున్నది' అని ప్రతి శుక్రవారం తల్లిదండ్రులకి వెళ్ళే ఉత్తరం అది. అందులో బోలెడు ఫొటోలు, బోలెడు నవ్వులు. తల్లులు వాటిని చూసి మురిసిపోయి, బళ్ళో జరిగే కాఫీ సమావేశంలో హ్యారియట్‌ని ఆకాశానికెత్తేవాళ్ళు. ముక్కులు తుడవడం, బూట్ల తాళ్ళు కట్టడం, కక్కినవి ఎత్తడం ప్లా వంతు. ఆ ఫొటోల్లో ప్లా ఎక్కడైనా కనిపిస్తే, ఫొటో అంచున సగం పడిన మోచేయిగా కనిపించేది.

మార్చిలో ఒక గురువారం పిల్లల్ని పండ్ల మార్కెట్‌కి తీసుకెళ్ళారు. ఆ వారం పాఠం 'మా ఊరి పండ్లు'. ఇరవై ఇద్దరు పిల్లలు, ఒక బస్సు, ఇద్దరు పెద్దవాళ్ళు. బళ్ళో నియమం ఏమిటంటే, బస్సెక్కేటప్పుడు పంతులమ్మ మెట్టు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టాలి, అసిస్టెంటు లోపల కూర్చోబెట్టి బెల్టులు పెట్టాలి. తిరుగు ప్రయాణానికి బస్సెక్కుతుండగా హనా అనే జపాన్ పిల్ల రంబుటాన్ పళ్ళు మితిమీరి తిని, వెనక సీటులో కక్కడం మొదలెట్టింది. ప్లా ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంది. మెట్టు దగ్గర హ్యారియట్ ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఫొటోలు ఏరుతూ, రెండో చేత్తో తలలు తాకుతూ లెక్కపెట్టింది.

"ఇరవై రెండు! పదండి!" అంది.

ఇరవై ఒక్కరే ఉన్నారు. ఎలోడీ అనే పిల్ల దురియన్ పళ్ళ బండి దగ్గరే ఉండిపోయింది.

బడికి వచ్చాక, భోజనాల బల్ల దగ్గర ఒక పళ్ళెం మిగిలింది. అప్పుడు తెలిసింది. ఈలోగా హ్యారియట్ దారిలోనే ఒక ఫొటో తల్లులందరికీ పంపేసింది: ముళ్ళ దురియన్‌ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఎలోడీ. ఇంట్లో తల్లి ఆ ఫొటో చూసి మురిసిపోతున్న వేళకి, పిల్ల మార్కెట్లో పళ్ళమ్మే ఒకావిడ ఒళ్ళో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. యాభై నిమిషాలు. ప్లాయే మోటారు సైకిలు టాక్సీ ఎక్కి పరుగున వెళ్ళి తీసుకొచ్చింది. ఎలోడీ ఆమె మెడ పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

పిల్ల క్షేమం. కానీ ఎలోడీ తల్లి థాయ్ ఆవిడ, ఆమె తండ్రి దేశంలో పెద్ద మనిషి. సాయంత్రానికల్లా బడికి తప్పు చేసినవాళ్ళు ఒకరు కావలసివచ్చారు.

మర్నాడు ఎనిమిదింటికి ప్లాని ప్రిన్సిపాల్ ఆల్డ్రిడ్జ్ గదికి పిలిచారు. ఆయన, హ్యారియట్, సిబ్బంది వ్యవహారాలు చూసే వారుణీ. వారుణీ థాయ్ ఆవిడే, ప్లా ఊరికి పక్క ఊరే. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. థాయ్ ఆడవాళ్ళు మాటమాటకీ 'ఖా' అంటారు. అది ప్రతిసారీ 'అవును' కాదు. ఎవరైనా కథ చెబుతుంటే మనం ఊ కొడతామే, అదే అది. వింటున్నానండీ, చెప్పండి, తర్వాత నేనూ చెబుతాను, అని అర్థం. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఖా అనకుండా మూగగా కూర్చుంటే అమర్యాద. మధ్యలో అడ్డం పడితే మరీ అమర్యాద. ఆల్డ్రిడ్జ్ ఆ ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఉంటున్నాడు. ఆయనకి ఖా అంటే అవునే.

"చూడు ప్లా, నీ మీద మాకు కోపం లేదు. నిన్న బస్సు వెనక భాగంలో ఉన్నది నువ్వే కదా?"

"ఖా."

"పిల్లల్ని సీట్లలో కూర్చోబెట్టడం నీ పని. ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అనేది కూర్చోబెట్టేవాళ్ళకే ముందు తెలియాలి."

"ఖా." ప్లా కళ్ళు దించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన వంతు కోసం చూస్తోంది. హనా కక్కుతోందని చెప్పాలి. మెట్టు దగ్గర ఎవరున్నారో చెప్పాలి. ఫోను సంగతి చెప్పాలా వద్దా అని మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

"నువ్వు సరిగా చూసి ఉంటే ఒక సీటు ఖాళీ ఉందని తెలిసేది."

"ఖా."

"అంటే, నీ వల్ల జరిగిన పొరపాటు."

"ఖా..."

"నిజాయితీగా ఒప్పుకున్నందుకు సంతోషం," అన్నాడు ఆల్డ్రిడ్జ్, లేచి నిలబడుతూ.

ప్లా తల ఎత్తింది. నోరు తెరిచింది. "సార్, నేను... హనా వాంతి..." ఇంగ్లీషు ముక్కలు వెతుక్కుంటోంది. ఈలోగా హ్యారియట్ లేచి వచ్చి ఆమెని కావిలించుకుంది, కళ్ళనీళ్ళతో.

"నేను నిన్నొక్క మాట కూడా అనను ప్లా. మనిద్దరం ఒక జట్టు కదా! ఎంత ధైర్యం నీది!"

ఆవిడ ఏడుపు నిజమే. తన మెడ మీద కత్తి తప్పిన మనిషి ఏడుపు అది. అంత దగ్గరగా పట్టుకున్న మనిషిని తోసేసి మాట్లాడటం ప్లాకి ఏ అమ్మా నేర్పలేదు.

బయట వరండాలో ప్లా వారుణీ చెయ్యి పట్టుకుంది. "వారుణక్కా! నేను ఒప్పుకోలేదక్కా. వింటున్నానని ఖా అన్నానంతే. నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదే? నేనేం లండన్‌లో పుట్టానా?"

"మరి ఏం రాశావు?"

"అవును, అవును, అవును, అవును. నాలుగు సార్లు."

"ఎలా రాశావక్కా? ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆయనకి!"

"నన్నెవరడిగారు? నా పని రాసుకోవడం. అడక్కుండా చెప్పి నా కుర్చీ కిందికి నీళ్ళు తెచ్చుకోనా?" వారుణీ గొంతు తగ్గించింది. "పిచ్చిదానా, ఆ గదిలోకి వెళ్ళకముందే తేలిపోయింది. నువ్వు కాదని అరిచినా తేలేది అదే. ఆవిణ్ణి తీసేస్తే, ఇంగ్లీషు పంతులమ్మ పిల్లని మార్కెట్లో వదిలేసిందని పేపర్లో పడుతుంది. నిన్ను తీసేస్తే ఎక్కడా పడదు."

ప్లాకి అప్పుడు మొదటిసారి కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళలో రానిదంతా ఒక్కసారిగా. "నేను ఎలోడీ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తాను. థాయ్‌లో చెబుతాను. ఆవిడకి ఖా అంటే ఏమిటో తెలుసు."

"వెళ్ళు. ఫాయ్ సంగతి?"

ప్లా చెయ్యి వదిలేసింది.

"విను. నేనూ తల్లినే. నీ కోసం అడిగాను లోపల. సంతకం పెట్టి మర్యాదగా వెళ్ళిపోతే పదేళ్ళకి తగ్గిన ఆ నాలుగు నెలలూ పనిచేసినట్టే లెక్కేస్తారు. పిల్లకి సీటు ఇస్తారు. నువ్వు మాత్రం బళ్ళో అడుగు పెట్టకూడదు. ఆ గురువారం సంగతి ఎవరి దగ్గరా ఎత్తకూడదు. పిల్ల నోట ఒక్క మాట వచ్చినా సీటు పోతుంది. ఏమంటావు?"

దొంగ సాక్ష్యం రాసి, ఆ చేత్తోనే మేలు చేశానన్నట్టు చూస్తోంది వారుణీ. దండం పెట్టించుకోవాలని కూడా ఉన్నట్టుంది. ప్లా చేతులు జోడించి దండం పెట్టింది. తప్పు ఒప్పుకుని పని మానేస్తున్నానన్న కాగితం మీద ఆమె అసలు పేరు బెన్జవన్ అని అచ్చువేసి, తేదీ కూడా వేసి సిద్ధంగా ఉంది. ఆ తేదీ నిన్నటిది. ప్లా అది చూసింది, చూసే సంతకం పెట్టింది.

ఆగస్టులో ఫాయ్ మూడో తరగతిలో చేరింది, పాత పిల్లలతో పాటే పై తరగతికి వచ్చిన మిస్ హ్యారియట్ దగ్గరే. ప్లా ఇప్పుడొక నూడిల్స్ కొట్లో గిన్నెలు కడుగుతోంది. మధ్యాహ్నం ఒక గంట అడిగి పుచ్చుకుని పిల్ల కోసం వచ్చేది. గేటు లోపలికి రానివ్వరు కాబట్టి, ఎదురుగా ఎండలో, డ్రైవర్లూ ఆయాలూ నిలబడే చోట నిలబడేది. పాత అసిస్టెంట్లు లోపల్నుంచి చూసి తలలు తిప్పుకునేవాళ్ళు. అయినా మెడలో టై కట్టుకుని కూతురు బయటికి వచ్చే ఆ ఒక్క నిమిషం కోసం ప్లా ఏదైనా భరించేది.

మూడో శుక్రవారం ఫాయ్ బయటికి వచ్చి తల్లి చెయ్యి పట్టుకోలేదు. సందు మలుపు తిరిగాక అడిగింది.

"అమ్మా, ఎలోడీని మార్కెట్లో వదిలేసింది నువ్వేనా?"

"ఎవరు చెప్పారు?"

"అందరూ. వరసలో నిలబడితే నా పక్కన ఎవరూ నిలబడట్లేదు. మా అమ్మ మర్చిపోయే అమ్మట, నేనూ మర్చిపోతానట. ఇవాళ మిస్ హ్యారియట్ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఫాయ్ వాళ్ళమ్మ తప్పు చేసింది, కానీ ఒప్పుకుంది, ఆమెని ఎవరూ ఏమీ అనకూడదు, అని. అందరూ నాకు చప్పట్లు కొట్టారు. మిస్ చాలా మంచిదమ్మా, తెలుసా?"

ప్లా కూతురి సంచి తన భుజానికి మార్చుకుంది.

"ఎలోడీ మాత్రం లేచి, ప్లా అక్క కాదు, అంది. మిస్ ఏమో, నీకప్పుడు భయమేసింది కదా, సరిగ్గా గుర్తుండదులే, అంది. ఎవరి మాట నిజమమ్మా? ఎలోడీ చెప్పిందే నిజమైతే, సోమవారం నేను లేచి చెబుతాను. నాకిప్పుడు ఇంగ్లీషు వచ్చు."

పిల్ల ఆగి, తల ఎత్తి, తల్లి నోటి వంక చూస్తోంది. ఒక్క మాట చాలు, ఆ చెయ్యి మళ్ళీ తన చేతిలోకి వస్తుందని ప్లాకి తెలుసు. సోమవారం పిల్ల లేస్తే, మంగళవారానికి సీటు ఉండదనీ తెలుసు.

"మిస్ చెప్పిందే నిజం," అంది ప్లా. "నేనే మర్చిపోయాను."

ఫాయ్ తల దించుకుని ముందుకు నడిచింది.

"లెక్కపెట్టాల్సింది ఇరవై రెండే కదమ్మా," అంది చివరికి, తన మాట ఎవరైనా వింటారేమో అన్నట్టు వెనక్కి చూసుకుని. "అంతదాకా నాకే వచ్చు. నువ్వు ఇక గేటు దగ్గరికి రాకు. వచ్చే వారం నుంచి బడి వాన్‌లో వస్తాను."

"సరే," అంది ప్లా.