గుడ్ల గిన్నె ఉండే గూడు

“పన్నెండు గుడ్లు చాలతాయా, ఇంకో ఆరు తెప్పించనా?” అంటూ జ్ఞానేశ్వర్ పొద్దున్నే ఫోను తెచ్చి హిమజ మొహం ముందు పెట్టాడు. అందులో ఎవరో తెల్లావిడ చిక్కటి పసుపుపచ్చ పాలేవో గాజు గ్లాసులో పోసి, పైన జాజికాయ పొడి చల్లుతోంది. దాన్ని ఎగ్‌నాగ్ అంటారట. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఆ దేశాల్లో ఇంటింటా అదేనట. ఇవాళ డిసెంబరు ముప్పై ఒకటి. మధ్యాహ్నం సబ్బుల కంపెనీ ఏరియా మేనేజరు, జ్ఞానేశ్వర్ లాంటి డీలర్లే మరో ముగ్గురు మేడ మీదికి వస్తున్నారు. నరసరావుపేటలో ఇంకెవరింట్లోనూ దొరకనిది వాళ్ళకి తాగించాలని ఈయన సరదా.

“రెండు ఫ్లేవర్లు చెయ్యి. ఒకటి కుంకుమపువ్వు, యాలకులు. ఇంకోటి కాఫీ. మందు మేం కలుపుకుంటాంలే.”

“సాయంత్రం అయిదు లోపల నేను బడికి వెళ్ళాలండీ. అత్తయ్యకి చెప్పి బీరువా తీయించండి.”

“ఈ ఒక్కటీ కానియ్యి. మధ్యాహ్నానికల్లా తీయిస్తా.”

వినుకొండ రోడ్డులోని బడిలో సైన్సు టీచరు ఉన్నట్టుండి మానేసింది. అక్కడ తెలుగు చెప్పే రాహేలు, డిగ్రీ కాలేజీలో హిమజ కన్నా ఏడాది వెనక చదివిన పిల్ల, ప్రిన్సిపాల్‌ని బతిమాలి మరీ ఆ అవకాశం ఇప్పించింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవాళ అయిదింటికల్లా చూపించాలి. లేదంటే నకరికల్లు నుంచి ఇంకొకావిడ కాచుకుని ఉంది. హిమజ సర్టిఫికెట్లు పద్దెనిమిదేళ్ళ క్రితం, కాపురానికి వచ్చిన వారంలోనే, “నగలతో పాటు భద్రంగా ఉంటాయిలే” అని అత్తగారు విశాలాక్షి తీసి పూజగదిలో బీరువాలో పెట్టింది. తాళం ఆవిడ నడుముకి ఉంటుంది. భద్రంగానే ఉన్నాయి పాపం, ఇన్నేళ్ళుగా వాటికి వెలుతురు కూడా తగల్లేదు.

ఆ ఇంట్లో గుడ్డు గడప దాటి లోపలికి రాదు. నాలుగేళ్ళ క్రితం డాక్టరు జ్ఞానేశ్వర్‌కి గుడ్లు తినమని చెప్పాక పెరట్లో కుళాయి పక్కన ఒంటి పొయ్యి ఒకటి వెలిసింది. దాని పైన గోడలో గూడు. గూట్లో గుడ్ల గిన్నె, పెనం, గరిటె. విశాలాక్షి అటు వైపు చెయ్యి పెట్టడం మాట అటుంచి, చూడను కూడా చూడదు. ఆమ్లెట్ తిన్న కొడుకు మూతి కడుక్కుని నేరుగా పూజలో కూర్చోవచ్చు. ఆమ్లెట్ వేసిన కోడలు మాత్రం తలకి పోసుకుంటే తప్ప గడప తొక్కకూడదు. ఇదేం లెక్క అని హిమజ ఒకే ఒక్కసారి అడిగింది. “మగాడికి అంటదే” అంది విశాలాక్షి, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. ఇంతా చేసి, గుడ్డు రుచి ఎలా ఉంటుందో హిమజ ఈ జన్మలో ఎరగదు.

పాలు, చక్కెర, మీగడ, కుంకుమపువ్వు అన్నీ గుర్తుపెట్టుకుని ముందే పెరట్లోకి చేర్చుకుంది. గుడ్లు కొట్టి, పచ్చసొన వేరు చేసి, చక్కెర వేసి, తెల్లబడేదాకా గిలకొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, జాజికాయ లోపల పోపుల డబ్బాలోనే ఉండిపోయిందని.

“అత్తయ్యా, జాజికాయ కొంచెం అందిస్తారా?”

“ఏందే, నన్ను గుడ్ల కాడికి రమ్మంటావా? తలకి పోసుకుని వచ్చి నువ్వే తీసుకుపో.”

జాజికాయ కోసం ఒక స్నానం అయింది. కాచిన పాలు సొనలోకి సన్నటి ధారగా పోయాలి, గబుక్కున పోస్తే సొన ఉడికి ఉండలు కడుతుంది. ఒక చేత్తో పోస్తూ, ఒక చేత్తో తిప్పుతూ, ఆమె మనసులో ఆమ్లాలు, క్షారాలు పాఠం చెప్పుకుంటూ పోయింది. మొదటి రోజు పిల్లలకి దేనితో మొదలుపెట్టాలి? పాలు విరగడంతోనే మొదలుపెడితే బాగుంటుంది, అందరికీ తెలిసిన సంగతి. చాలా కాలానికి చేతులు ఒక పని చేస్తుంటే బుర్ర ఇంకో పని చేసింది. ఆ కాసేపూ ఆమెకి నిజంగా సంతోషంగా ఉంది.

అత్తగారికి అన్నం వడ్డించడానికి రెండో స్నానం. మూడింటికి చల్లారిన గ్లాసులన్నీ మేడ మెట్ల దాకా మోసి అక్కడ పెట్టింది. పైనుంచి మేనేజరు గొంతు వినిపించింది.

“భలే ఉందండీ. ఎవరు చేశారు?”

“వీడియో చూసి నేను చెబుతుంటే మా ఆవిడ కలిపింది” అన్నాడు జ్ఞానేశ్వర్.

అనుకోనీ, ఇప్పుడు కావలసింది పేరు కాదు, తాళం. మూడోసారి తలకి పోసుకుని, తడి జుట్టుతో వణుకుతూ పూజగది గుమ్మంలో నిలబడింది. విశాలాక్షి జపంలో ఉంది. జపంలో మాట్లాడదు. ఆగమని చేత్తో సైగ చేసింది. అంతలో కొడుకు మేడ మీంచి, “అమ్మా, జీడిపప్పు ఎక్కడుంది?” అని అరిస్తే మాత్రం వేలితో అల్మరా చూపించింది.

ఆ జీడిపప్పు కోసం జ్ఞానేశ్వర్ కిందికి వచ్చాడు. “ఇంకో అయిదు గ్లాసులు కావాలే. సార్‌కి చానా నచ్చింది.”

“నాలుగూ పది అయిందండీ. బీరువా...”

“వాళ్ళని పంపనీ ముందు. మన బతుకంతా ఆయన చేతిలో ఉంది.”

మళ్ళీ చేసింది. ఎందుకు చేశావని ఆమెనే అడగాలి. చెయ్యకపోతే అడగడానికి మొహం ఉండదనుకుంది. మొత్తం చేసేసినవాళ్ళకి కూడా అడిగే మొహం ఎవరూ ఇవ్వరని ఆమెకి ఇంకా తెలియదు. గూట్లో పెట్టిన ఫోను మోగింది. సొన అంటిన చేతుల్లో చిటికెన వేలొక్కటే శుభ్రంగా ఉంది, దానితోనే ఫోనెత్తింది.

“హిమజక్కా” అంది రాహేలు. “మేడం అయిదుంపావు దాకా చూశారు. నకరికల్లు ఆవిడ సంతకం పెట్టేసింది. నువ్వు వస్తావని నేను గేటు కాడే నిలబడ్డానక్కా.”

“సరేలే” అంది హిమజ. పొయ్యి మీద పాలు పొంగాయి. తీసి పక్కన పెట్టి, సన్నటి ధారగా సొనలోకి పోసింది. అంత దుఃఖంలోనూ చెయ్యి తప్పలేదు. తప్పనందుకు ఆ చేతిని నరుక్కోవాలనిపించింది.

అతిథులు వెళ్ళాక విషయం విని జ్ఞానేశ్వర్, “వచ్చే ఏడు చూద్దాంలే. అయినా ఎండన పడి తిరిగే ఖర్మ నీకేంది?” అన్నాడు. హిమజ నాలుగో స్నానం చేసి లోపలికి వచ్చేసరికి, అడగకుండానే విశాలాక్షి నడుము నుంచి తాళం తీసి ఇచ్చింది.

“ఇదిగో, తీసి చూసుకో. నేనేమన్నా వద్దన్నానా? చూసి మళ్ళీ అక్కడే పెట్టు.”

బీరువా తెరిచింది. నగల పెట్టె కింద అట్ట ఫైలు. పైన అతికించిన ఫొటోలో రెండు జడల పిల్ల ఎవరి కోసమో నవ్వుతోంది. ఆ పిల్ల ముందు సిగ్గుపడింది హిమజ. ఫైలు కొంగు చాటున పెట్టుకుని, బీరువాకి తాళం వేసి, తాళం తిరిగి ఇచ్చేసింది.

“పెట్టావా?”

“పెట్టానత్తయ్యా. గిన్నెలు తోమి వస్తాను.”

పెరట్లో ఫైలుని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టింది. గూట్లో వెనక గోడకి ఆనించి, దాని ముందు గుడ్ల గిన్నె బోర్లించింది. అవి ఇక ఎవరికి చూపించాలో ఆమెకి తెలియదు, మళ్ళీ ఎవరన్నా పిలుస్తారన్న ఆశా లేదు. కానీ ఆ ఇంట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

గిన్నె ముట్టుకుంది కాబట్టి, రాత్రి వంటకి లోపలికి వెళ్ళేముందు అయిదోసారి తలకి పోసుకుంది.